మచ్చలు మాయమైతే జబ్బు తగ్గినట్టేనా? ఉప్పునీటి అక్వేరియంలో పరాన్నజీవుల లెక్క

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారిని తెల్లమచ్చల వ్యాధి తికమక పెట్టినంతగా మరే జబ్బూ పెట్టదు. కొత్త చేపను తెచ్చి వదిలిన వారం పది రోజులకు దాని రెక్కల మీద ఉప్పు రేణువంత మచ్చలు కనిపిస్తాయి. కంగారుపడి నలుగురిని అడిగితే నాలుగు మాటలు వినిపిస్తాయి. ఒకరు వెల్లుల్లి రసం కలిపిన మేత పెట్టమంటారు. ఒకరు రాగి మందు తప్ప దారి లేదంటారు. ఇంకొకరు నీటిని వేడి చేయమంటారు. మరొకరు ఏమీ చేయకండి, తిండి బాగా పెట్టండి చాలంటారు. అందరి దగ్గరా ఒకే రుజువు ఉంటుంది: 'నేను అదే చేశాను, నాలుగైదు రోజుల్లో మచ్చలు పోయాయి.'

వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఏ మందూ వేయకపోయినా ఆ మచ్చలు నాలుగైదు రోజుల్లో పోతాయి. ఈ జబ్బు చుట్టూ పేరుకున్న గందరగోళంలో చాలా భాగం ఇక్కడే పుట్టింది. మచ్చ ఎందుకు వస్తుందో, ఎందుకు పోతుందో, పోయి ఎక్కడ ఉంటుందో తెలిస్తే ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేసినట్టు కనిపిస్తుందో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

## ఒకే పేరుతో మూడు జబ్బులు

తెల్లమచ్చలు అనగానే భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. రొయ్యలకు వచ్చేది వైరస్. అది చేపలకు జబ్బు తేదు. మంచినీటి అక్వేరియంలో చేపలకు మచ్చలు తెచ్చేది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి. ఉప్పునీటి చేపలకు వచ్చే జబ్బుకు కారణం మూడోది, క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. 1930ల్లో జపాన్‌లో సికామా దీన్ని వర్ణించారు. 1951లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త దీనికి ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టారు.

చివరి రెండూ ఒంటి నిండా ఉన్న శైలికలతో, అంటే సన్నని వెంట్రుకల్లాంటి పోగులతో, ఈదే జీవులే. చేప చర్మంలో దూరి మేయడం, కిందపడి గూడు కట్టుకోవడం, పిల్లలుగా విడిపోయి మళ్లీ చేపను వెతుక్కోవడం రెండింటిలోనూ ఉన్నాయి. ఇంత పోలిక ఉన్నా వర్గీకరణలో ఇవి దగ్గరి బంధువులు కావు. ఒకటి నదుల్లో, చెరువుల్లో, మరొకటి సముద్రంలో వేర్వేరు దారుల్లో ఒకే రకమైన బతుకుకు చేరుకున్నాయి.

ఈ తేడా వల్ల నష్టపోయేది మంచినీటి అలవాట్లను ఉప్పునీటి తొట్టిలోకి తెచ్చేవారు. మంచినీటి తొట్టిలో వేడిని 30 డిగ్రీలు దాటించి కొద్దిగా ఉప్పు వేస్తే జబ్బు లొంగడం చాలామంది చూసినదే. ఉష్ణమండల సముద్రాల్లో పుట్టిన క్రిప్టోకేరియాన్‌కు ఆ వేడి పెద్ద ఇబ్బంది కాదు. దాని జీవితచక్రం ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, అంతే. పైగా వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పటికే మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ కాస్త తగ్గుదలే ప్రాణాంతకం కావచ్చు.

## మచ్చ పోయిందంటే పరాన్నజీవి ఇల్లు మారిందని అర్థం

క్రిప్టోకేరియాన్ జీవితంలో మూడు దశలు ముఖ్యమైనవి. శాస్త్రవేత్తలు వాటిని ట్రోఫాంట్, టోమాంట్, థెరాంట్ అంటారు. ఇక్కడ సులువుగా మేత దశ, గూటి దశ, ఈత దశ అని పిలుచుకుందాం.

మేత దశలో అది చేప ఒంట్లో ఉంటుంది. మనకు కనిపించే తెల్లటి చుక్క ఇదే. చుక్క చర్మం పైన అంటుకున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి పైచర్మం కింద దూరి, అక్కడి కణాలను తింటూ గుండ్రంగా తిరుగుతుంటుంది. బాగా పెరిగితే దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. పైన చేప చర్మమే కప్పుగా ఉంది కాబట్టి నీటిలో వేసిన చాలా మందులు దాన్ని తాకలేవు. మొప్పల్లోనూ ఇలాగే దూరుతుంది, అవి మనకు కనిపించవు. చేపను చంపేది రెక్క మీది చుక్క కాదు, మొప్పల్లోని గాయాలు.

మూడు నుంచి ఏడు రోజులు మేసి, అది తనంతట తానే చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. కొన్ని గంటలపాటు, ఒక్కోసారి 18 గంటల దాకా, అడుగున పాకి ఇసుక రేణువుకో, రాతికో, గాజుకో, నత్త గుల్లకో అంటుకుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఇది గూటి దశ. లోపల అది విభజన చెందుతూ పోయి, ఒక్క గూటి నుంచి 200 దాకా పిల్లలు తయారవుతాయి. గూడు పగలడానికి పట్టే కాలం మాత్రం స్థిరంగా ఉండదు. చాలా గూళ్లు మూడు రోజుల నుంచి 28 రోజుల లోపు పగులుతాయి. ఒకే రోజు కట్టిన గూళ్లు కూడా ఒకే రోజు పగలవు.

పగిలాక బయటికి వచ్చేది ఈత దశ. దీనికి నోరు పనిచేయదు, మేత ఉండదు. 24 నుంచి 48 గంటల్లో చేప దొరకకపోతే చనిపోతుంది. మొదటి ఆరేడు గంటలు దాటాక చేపలోకి దూరే శక్తి కూడా బాగా తగ్గిపోతుంది.

ఈ చక్రంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది దాని వేళ. మేత ముగించిన జీవి చేపను వదిలేది ఎక్కువగా చీకట్లో. గూడు పగిలి పిల్లలు బయటికి వచ్చేది కూడా ఎక్కువగా చీకట్లో, తెల్లవారుజామున. పగలంతా ఈదే చేప రాత్రి ఏదో ఒక రాతి సందులో, రోజూ అదే చోట, ఇసుకకు దగ్గరగా కదలకుండా నిద్రపోతుంది. అక్కడే రాలిన గూడు అక్కడే పగిలితే కొన్ని గంటలే శక్తి ఉన్న పిల్లకు వెతుకులాట ఉండదు, చేప పక్కనే ఉంటుంది.

## అయిదు మచ్చలు అయిదు వందలు ఎలా అవుతాయి?

ఒక ఊహా లెక్క వేద్దాం. చేప మీద 5 మచ్చలున్నాయి. అయిదూ రాలి అయిదు గూళ్లయ్యాయి. గూటికి 200 చొప్పున 1,000 ఈత జీవులు వచ్చాయి. నూటికి 95 చేపను చేరకుండానే చనిపోయాయనుకున్నా 50 మిగులుతాయి. రెండో విడతలో ఆ యాభై పదివేలవుతాయి. అందులోనూ నూటికి అయిదే గెలిచినా 500 మచ్చలు. ఆ 500లో సగం మొప్పల్లో ఉంటే చిన్న చేప తట్టుకోలేదు.

ఇదే లెక్కను సముద్రంలో వేయండి. అక్కడ చేప ఒకచోట ఉండదు, గూడు పడిన చోటు నుంచి కిలోమీటర్ల దూరం వెళ్లిపోతుంది. 200 పిల్లల్లో ఒక్కటే గెలిస్తే 5 మచ్చల నుంచి మళ్లీ 5 మచ్చలే వస్తాయి. పగడపు దిబ్బల్లోని చేపల మీద ఈ పరాన్నజీవి ఉన్నా సాధారణంగా కొద్దిగానే ఉండటానికి కారణం ఇదే. జబ్బును ఉత్పాతంగా మార్చేది తొట్టి గోడలు.

సముద్రంలో పంజరాలు కట్టి చేపలు పెంచేవారికీ ఈ లెక్క తెలుసు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో మన దేశంలో ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది విశాఖపట్నం తీరంలోనే. లోతు, ప్రవాహం బాగా ఉన్న చోట పంజరం ఉంటే రాలిన గూళ్లు దూరంగా పోతాయి. లోతు తక్కువై నీరు కదలని చోట వల అడుగు నేలకు దగ్గరగా ఉంటే, ఆ పంజరం పెద్ద అక్వేరియంతో సమానం. తల్లి చేపలను ఉంచే హేచరీ తొట్లలో ముప్పు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఇంట్లోని తొట్టికి వద్దాం. నెల ఒకటో తేదీన ఒక ట్యాంగ్ చేపను తెచ్చారు. దాని మొప్పల్లో మూడు పరాన్నజీవులున్నాయి, బయటికి ఏమీ కనిపించదు. నాలుగో తేదీ రాత్రి అవి రాలాయి. తొమ్మిది, పది తేదీల్లో గూళ్లు పగిలాయి. పన్నెండో తేదీకి రెండు మూడు చేపల మీద చుక్కలు తేలాయి. పదమూడున యజమాని ఏదో సీసా తెచ్చి నీటిలో పోశారు. పదహారుకు చుక్కలన్నీ పోయాయి. సీసాలో పంచదార నీళ్లున్నా పదహారుకు పోయేవి. ఇరవై దాటాక అన్ని చేపల మీదా ఒక్కసారిగా మచ్చలు వస్తే, పాత జబ్బు తగ్గింది, ఇది కొత్తగా వచ్చింది అనుకుంటారు. వచ్చింది పాతదే, రెండో విడత.

## మందును అడగాల్సిన ప్రశ్న: ఏ దశను తాకుతావు?

రాగితో మొదలుపెడదాం, అన్నిటికంటే పాతది, ఎక్కువగా పరీక్షించినది. రాగి చంపేది ఈత దశను. చర్మం కింద మేస్తున్నదానికి, గూట్లో ఉన్నదానికి అది చేరదు. కాబట్టి రాగి మందు వేసిన మర్నాడు చేప మీద మచ్చలు అలాగే ఉంటాయి. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచితే చేప చనిపోతుంది. రాగి చేసే పని కాపలా కాయడం: గూళ్లు ఏ రోజు పగిలినా బయటికి వచ్చిన పిల్ల చేపను చేరకముందే చావాలి. అందుకే మూడు నాలుగు వారాలపాటు మోతాదు ఒక్క రోజు కూడా పడిపోకుండా ఉండాలి.

మోతాదు ఎంత సున్నితమో చూడండి. కాపర్ సల్ఫేట్ రూపంలో వాడేటప్పుడు లీటరు నీటికి 0.15 నుంచి 0.20 మి.గ్రా. రాగి ఉండాలి. అంతకు తగ్గితే పరాన్నజీవి చావదు, బాగా పెరిగితే చేప చస్తుంది. 100 లీటర్ల నీటికి పై హద్దు ప్రకారం 20 మి.గ్రా. రాగి. కాపర్ సల్ఫేట్ నీలి స్ఫటికాల, అంటే మైలతుత్తం, బరువులో రాగి నాలుగో వంతు మాత్రమే కాబట్టి సుమారు 80 మి.గ్రా. సరిపోతుంది. రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు ఉప్పు దీనికి కొన్ని రెట్లు బరువుంటుంది. కంటి అంచనాతో వేయదగ్గ వస్తువు కాదిది. పగడపు రాళ్లు, గుల్లల ఇసుక ఉన్న తొట్టిలో వేస్తే ఆ సున్నం రాగిని పీల్చుకుంటుంది, నిన్నటి కొలత ఈ రోజు ఉండదు. పగడాలు, రొయ్యలు, నత్తలు రాగికి బతకవు. అందుకే రాగి చికిత్స ఇసుక, రాళ్లు లేని వేరే తొట్టిలో, రోజూ పరీక్షా కిట్‌తో కొలుస్తూ జరుగుతుంది. బజారులో రాగిని ఇతర పదార్థాలతో బంధించి అమ్మే మందులూ ఉన్నాయి. వాటి మోతాదు అంకె ఇంతకు పది రెట్లకు పైగా ఉండవచ్చు, ఒకదాని కొలత మరొకదానికి వర్తించదు.

ఉప్పు తగ్గించే పద్ధతి గూటి దశను తాకుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35. చేప రక్తంలో లవణాలు అందులో దాదాపు మూడో వంతు. నీటి ఉప్పును 12 పీపీటీ దగ్గరికి, అంటే సాంద్రత 1.009కి దించితే చేపకు పెద్ద భారం ఉండదు. తన ఒంటి లవణ స్థాయికి నీరు దగ్గరైంది కాబట్టి నీటిని ఒంట్లో నిలుపుకొనే శ్రమ తగ్గుతుంది కూడా. గూట్లోని పరాన్నజీవి మాత్రం నీరు లోపలికి చొరబడి పగిలిపోతుంది. ఇజ్రాయెల్‌లోని ఎయిలాట్‌లో కొలోర్ని 1985లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి పునాది వేశాయి. లెక్క సులువే: 100 లీటర్ల తొట్టిలో 35ను 12కు దించాలంటే మూడింట రెండు వంతులు, సుమారు 66 లీటర్లు, తీసి మంచినీరు పోయాలి. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజుల్లో విడతలుగా మార్చాలి, అప్పుడు మొత్తం మీద మార్చే నీరు ఇంకాస్త ఎక్కువవుతుంది. చిక్కంతా కచ్చితత్వంలో ఉంది. 12 బదులు 17 దగ్గర ఆగిపోతే గూళ్లు బతుకుతాయి. ముల్లు ఊగే చవక పరికరం చూపే అంకెను నమ్మి వారాలపాటు తప్పు స్థాయిలో ఉంచినవారు ఈ పద్ధతి పనికిరాదని చెబుతుంటారు. అది సగం నిజం, ఎందుకంటే తక్కువ ఉప్పులోనూ బతికే రకాలు తైవాన్‌లో బయటపడ్డాయి.

ఈ విషయంలో మన పండుగప్ప అదృష్టవంతురాలు. సముద్రంలోనూ, మంచినీటి చెరువులోనూ పెరిగే చేప కాబట్టి పెంపకందారు నీటి ఉప్పును ధైర్యంగా దించగలడు. పగడపు దిబ్బ మీద పుట్టిన క్లౌన్‌ఫిష్‌కు అంత వెసులుబాటు లేదు. తొట్టిలోని పగడాలకు, రొయ్యలకు అసలే లేదు.

మూడోది తొట్టి మార్చడం. ఇందులో మందే లేదు. గూడు కట్టాక అది పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. చేపను ప్రతి 72 గంటలకు లోపే శుభ్రమైన కొత్త తొట్టిలోకి, కొత్త నీటిలోకి మారిస్తే రాలినవన్నీ పాత తొట్టిలో మిగిలిపోతాయి. మేత దశ ఎంత సాగినా వారం. నాలుగు మార్పులు, దాదాపు 12 రోజులు పూర్తయ్యేసరికి చేప మీద ఏమీ మిగలదు. ఇంత శుభ్రమైన తర్కం ఉన్న చికిత్స మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే చేపను పదేపదే పట్టడం దానికి ఒత్తిడి. పాత తొట్టి వల, పైపు, గాలి రాయి కొత్త తొట్టిలోకి తడిగా వెళితే శ్రమంతా వృథా.

క్లోరోక్విన్ ఫాస్ఫేట్ మలేరియా మందుగా అందరికీ తెలిసినదే. అక్వేరియం వాడుకలో ఇది రాగికి ప్రత్యామ్నాయం, చేపలు దీన్ని రాగి కంటే కాస్త తేలికగా తట్టుకుంటాయి. నీటిలో ఎంత మిగిలిందో ఇంట్లో కొలిచే కిట్ లేకపోవడం, తొట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఊహించని వేగంతో విచ్ఛిన్నం చేయడం దీని లోపాలు. 2020 మార్చిలో, కోవిడ్‌కు ఇది పనిచేస్తుందన్న ప్రచారం నడుస్తుండగా, అమెరికాలోని అరిజోనాలో చేపల తొట్టికి వాడే క్లోరోక్విన్ ఫాస్ఫేట్ మింగి ఒకరు మరణించారు. చేపల మందు మనుషులకు కాదని అమెరికా ప్రభుత్వం అప్పట్లో హెచ్చరించాల్సి వచ్చింది.

## వెల్లుల్లి, అతినీలలోహిత దీపం, శుభ్రం చేసే రొయ్య

అదే ప్రశ్న వీటినీ అడుగుదాం. వెల్లుల్లిలోని అల్లిసిన్‌కు ప్రయోగశాల గాజు పాత్రలో సూక్ష్మజీవులను చంపే శక్తి ఉంది. మేతలో కలిపిన వెల్లుల్లి చేప చర్మం కింది పరాన్నజీవిని వదిలిస్తుందనడానికి అలాంటి ఆధారం లేదు. మేత ముట్టని చేప వెల్లుల్లి వాసనకు తినడం మొదలుపెట్టవచ్చు, అది విలువైనదే, కానీ చికిత్స కాదు.

అతినీలలోహిత దీపం తన గొట్టంలోంచి వెళ్లిన ఈత జీవులను చంపగలదు. చేప నిద్రపోయే సందులోనే పుట్టి దాన్నే పట్టుకునే పిల్ల ఆ గొట్టం దాకా వెళ్లదు. కాబట్టి దీపం సంఖ్యను తగ్గిస్తుంది, సున్నా చేయదు. చేపల మీద వాలి శుభ్రం చేసే రొయ్యలు, క్లీనర్ రాస్ చేపలు చర్మం పైన తిరిగే పురుగులను తింటాయి, చర్మం కింద ఉన్నదాన్ని ఏరలేవు.

పగడాలకు హాని చేయకుండా జబ్బును నయం చేస్తామని రాసి ఉన్న సీసాల విషయంలో ఒక్క మాట. పగడం, రొయ్య, నత్త బతకాలి, ఏకకణ పరాన్నజీవి మాత్రం చావాలి అనే షరతును నెరవేర్చే మందు దొరకడం చాలా కష్టం. మచ్చలు వాటంతట అవే పోయే జబ్బుకు ఏ సీసా అయినా మంచి పేరు తెచ్చుకోగలదు.

## మచ్చల్లేకుండా చంపేవి

ఊపిరి వేగంగా తీస్తూ, నీటి ధార దగ్గరే నిలబడి, వెలుతురుకు దూరంగా పోయే చేప మీద ఒక్క మచ్చా ఉండకపోవచ్చు. అది అమైలోడినియం కావచ్చు. అక్వేరియం వాడుకలో వెల్వెట్ అంటారు. ఇది కశాభాలతో, అంటే కొరడాల్లాంటి పోగులతో, ఈదే డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవుల వర్గానికి చెందినది. మొదట మొప్పలను పడుతుంది. ఒంటి మీద సన్నని బంగారు రంగు నుసి కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. తెల్లమచ్చల జబ్బు వారాల్లో చేసే నష్టాన్ని ఇది రెండు మూడు రోజుల్లో చేయగలదు. ఒక్క గూటి నుంచి 256 దాకా పిల్లలు వస్తాయి, అవి చేప లేకుండా చాలా రోజులు బతుకుతాయి. తెల్లమచ్చలనుకుని ఉప్పు తగ్గించే పద్ధతి మొదలుపెడితే ఇక్కడ ఘోరంగా విఫలమవుతుంది, ఎందుకంటే అమైలోడినియం 3 పీపీటీ ఉప్పులో కూడా బతకగలదు. రాగి, క్లోరోక్విన్ దీని మీద పనిచేస్తాయి.

క్లౌన్‌ఫిష్ ఒంటి నుంచి తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లాను అనుమానించాలి. 1970లో లోమ్, నిగ్రెల్లి దీన్ని వర్ణించి పేరు పెట్టారు. న్యూయార్క్ అక్వేరియం ఉన్న బ్రూక్లిన్ పేరే దీనికి వచ్చింది. ఇది గూడు కట్టదు, చేప మీదే రెండుగా చీలుతూ పెరుగుతుంది. రాగికి లొంగదు, ఫార్మలిన్ స్నానాలకు లొంగుతుంది. ఫార్మలిన్ మనిషికి కూడా ప్రమాదకరమైన విషం.

నియోబెనిడీనియా లాంటి చదును పురుగులు ఏకకణ జీవులు కావు. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్నా గాజులా పారదర్శకంగా ఉండి కనిపించవు. చేపను అదే వేడి, అదే పీహెచ్ ఉన్న మంచినీటిలో అయిదు నిమిషాలు ఉంచితే తెల్లబడి రాలిపోతాయి. ఇలా చికిత్సతోపాటు గుర్తింపు కూడా అయిపోతుంది. ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వాటిని చంపుతుంది కానీ గుడ్లను చంపదు, అందుకే రెండో విడత తప్పదు.

తేల్చి చెప్పేది సూక్ష్మదర్శిని. చేప చర్మం మీది జిగురును గాజు పలక అంచుతో సున్నితంగా గీరి చూస్తే, నెమ్మదిగా దొర్లే పెద్ద గుండ్రని జీవి లోపల నాలుగు ముక్కల కేంద్రకం ఉంటే క్రిప్టోకేరియాన్. కదలకుండా ముదురు రంగులో, బేరిపండు ఆకారంలో ఉంటే అమైలోడినియం. హృదయాకారంలో చకచకా జారిపోతుంటే బ్రూక్లినెల్లా. పాఠశాలల్లో వాడే సాధారణ సూక్ష్మదర్శిని దీనికి చాలు. ఖరీదైన చేపలు పెంచేవారు దాన్ని ఇంకా విలాసంగానే చూడటం బాధ కలిగిస్తుంది.

## ఖాళీ తొట్టి ఎన్ని రోజులు?

చేపలను వేరే తొట్టిలో నయం చేసినా అసలు తొట్టి ఇసుకలో గూళ్లుంటాయి. చేపలు లేకపోతే పుట్టిన పిల్లలన్నీ ఆకలితో చస్తాయి. పగడాలు, రొయ్యలు ఉండవచ్చు, వాటిని ఇది పట్టదు. ఎన్నాళ్లు ఖాళీగా ఉంచాలన్నదే వాదన. ప్రయోగాల్లో ఒక గూడు పగలడానికి పట్టిన అత్యధిక కాలంగా 72 రోజులు నమోదైంది. దానికి కాస్త భద్రత కలిపి అక్వేరియం వర్గాల్లో 76 రోజులనే అంకె స్థిరపడింది. కొందరు నీటిని 27 డిగ్రీల పైన ఉంచి 45 రోజులు చాలంటారు, వెచ్చని నీటిలో గూళ్లు త్వరగా పగులుతాయి కాబట్టి.

రెండింటికీ తర్కం ఉంది. నూటికి తొంభైకి పైగా గూళ్లు నెలలోపే పగిలిపోతే 45 రోజులు ఎక్కువసార్లు సరిపోతాయి. సరిపోనప్పుడు మొత్తం శ్రమ మళ్లీ మొదలు. ఇంకో చిక్కు కూడా ఉంది. 12 డిగ్రీల చల్లని నీటిలో, ఆక్సిజన్ తక్కువైన చోట గూళ్లు నెలల తరబడి నిద్రాణంగా ఉండి, వేడి తగలగానే మేల్కొన్నట్టు చైనాలో జరిగిన ప్రయోగాలు చూపాయి. మన ఇళ్లలో నీరు అంత చల్లబడదు గానీ, ఇసుక లోతు పొరల్లో ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో 27, 28 డిగ్రీల్లో నడిచే పలుచని ఇసుక తొట్టికీ, లోతైన ఇసుక పరుపు ఉన్న తొట్టికీ ఒకే అంకె చెప్పడం నాకు సరైనదిగా తోచదు.

## నిర్మూలించాలా, కలిసి బతకాలా?

ఈ ప్రశ్న దగ్గర అనుభవజ్ఞులు రెండుగా చీలిపోతారు, ఇద్దరి దగ్గరా బలమైన వాదన ఉంది.

కలిసి బతకవచ్చనేవారు రోగనిరోధక శక్తిని చూపిస్తారు. జబ్బు సోకి తట్టుకున్న చేపకు కొంత రక్షణ వస్తుంది. బర్జెస్, మాథ్యూస్ 1990ల్లో మల్లెట్ జాతి చేపల మీద చేసిన ప్రయోగాల్లో ఆ రక్షణ ఆరు నెలలపాటు కనిపించింది. వాళ్లే మరో విషయమూ చూశారు: ప్రయోగశాలలో ఒకే వంశాన్ని తరతరాలుగా పెంచుతూ పోతే సుమారు 34 చక్రాలు, అంటే పది పదకొండు నెలల తర్వాత, దాని శక్తి క్షీణించింది. కాబట్టి కొత్త చేపను తేకుండా, మంచి మేతతో, శుభ్రమైన నీటితో ఏడాది గడిపితే జబ్బు తనంతట తానే సద్దుమణగవచ్చు. పైగా పెద్ద తొట్టిలో రాళ్లన్నీ పీకి ప్రతి చేపనూ పట్టడం వాటికి జబ్బును మించిన ఒత్తిడి అన్నది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

నిర్మూలించాలనేవారి జవాబు: ఆ రక్షణ అసంపూర్ణం. మచ్చలు కనిపించని చేప మొప్పల్లో కొద్ది పరాన్నజీవులు తిరుగుతూనే ఉండవచ్చు. హీటర్ చెడిపోయిన రోజున, కరెంటు పోయి ఆక్సిజన్ తగ్గిన రాత్రి అవే విజృంభిస్తాయి. ఏ రక్షణా లేని కొత్త చేప ఆ తొట్టిలోకి వస్తే మొదట అదే బలవుతుంది. మొదటి పక్షం ఏడాది కొత్త చేప లేకుండా ఉండాలంటుంది, కానీ ఏడాదిపాటు కొత్త చేప కొనకుండా ఉండేవారు అరుదు.

ఈ వాదనలో తరచూ వినిపించే 'ప్రతి ఉప్పునీటి తొట్టిలోనూ ఇది ఎప్పుడూ ఉంటుంది' అనే మాట మాత్రం తప్పు. చేప లేకుండా ఇది బతకలేదు, శూన్యం నుంచి పుట్టదు. ఒత్తిడి వల్ల జబ్బు వచ్చిందంటే పరాన్నజీవి అప్పటికే అక్కడ ఉందని అర్థం. నా మటుకు, పగడాలున్న పెద్ద తొట్టిలో జబ్బు తేలికగా ఉండి చేపలు తింటుంటే వేచి చూడటంలో తప్పు లేదనుకుంటాను. ఊపిరి వేగం పెరిగితే, లేదా వెల్వెట్ అనుమానం ఉంటే వేచి చూసే వ్యవధి లేదు.

## తలుపు దగ్గరే ఆపడం

రెండు పక్షాలూ ఒప్పుకునేది క్వారంటైన్ ఒక్కటే. ఎలా అన్నదాంట్లో మళ్లీ భేదాలున్నాయి. కొందరు కొత్త చేపను నెల రోజులు వేరుగా ఉంచి గమనిస్తారు, లక్షణం కనిపిస్తేనే మందు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చేపకు విషం ఎందుకన్నది వారి ప్రశ్న. ఇంకొందరు వచ్చిన ప్రతి చేపకూ ముందుగానే రాగి చికిత్స చేస్తారు. దుకాణంలో పదుల తొట్లకు ఒకే నీరు తిరుగుతుంటుంది, అక్కడ తక్కువ మోతాదు రాగి వేసి మచ్చలు పైకి తేలకుండా ఉంచే అలవాటూ ఉంది, కాబట్టి కంటికి కనిపించే ఆరోగ్యాన్ని నమ్మలేమన్నది వీరి లెక్క. తొట్టి మార్చే పద్ధతి ఈ ఇద్దరికీ మధ్య దారి. తెల్లమచ్చల వరకు అది మందు లేకుండానే పని పూర్తి చేస్తుంది, వెల్వెట్‌కు మాత్రం సరిపోదు.

క్వారంటైన్ తొట్టి ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. అమైలోడినియం గాలి బుడగలు పగిలే తుంపర్లతో పక్క తొట్టిలోకి చేరగలదని ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. గాలి వీచే చోట ఆ దూరం మూడు మీటర్ల దాకా వెళ్లింది. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద రెండు తొట్లు పెట్టి వలలు వేరుగా ఉంచుకున్నా సరిపోదు. చేపలు కానివాటికీ ఇదే వర్తిస్తుంది. నత్త, సన్యాసి పీత, పగడం అంటుకున్న రాతి ముక్క జబ్బు పడవు, కానీ వాటి గుల్ల మీద, రాతి మీద గూడు ప్రయాణం చేస్తుంది. అవి కూడా చేపలు లేని తొట్టిలో, ఖాళీ తొట్టికి ఎంచుకున్న రోజులే గడిపి రావాలి.